పేరు లేని ప్రోగ్రామ్

భవానీపురంలో ఓ రాత్రి, ట్యూషన్లు చెప్పే శాంభవి నెమ్మదిగా తెరుచుకునే తన పాత కంప్యూటర్‌ని బాగుచేద్దామని కూర్చుంది. ఆన్ చేయగానే వాటంతటవే తెరుచుకునే అక్కర్లేని ప్రోగ్రాములన్నీ ఆపేసింది. చివరిదానికి పేరు లేదు. దాన్నీ ఆపి, రీస్టార్ట్ చేసింది. చిటికెలో తెరుచుకుంది. ఎంత హాయో!

అంతలో, పక్కగదిలో భర్త లక్ష్మీకాంత్ గురక ఆగిపోయిందని గమనించింది. వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి లేదు.

ఏం తోచిందో ఏమో, పరుగున వచ్చి ఆ పేరు లేనిదాన్ని మళ్లీ ఆన్ చేసి, రీస్టార్ట్ కొట్టింది. కంప్యూటర్ ఎప్పట్లాగే తాపీగా తెరుచుకుంది. గురక మొదలైంది.

నెమ్మదైతేనేం అనుకుంటూ, తృప్తిగా అతని పక్కన నడుం వాల్చింది. పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

లక్ష్మీకాంత్ కళ్లు తెరవకుండానే అడిగాడు.

"ఇందాక కరెంటు పోయిందా, శాంభవీ?"