ఏడో ప్రశ్న

ఆ కాలేజీ మెట్లెక్కుతూ ప్రొఫెసర్ మొహం చిట్లించాడు. అవసరం అలా వచ్చిపడింది. లేకపోతే ఆయన ఈ గడప తొక్కేవాడా?

లోపల బల్లుల మేడమ్ సీసాలు కడుగుతోంది. ఆ పేరు పెట్టింది ఆయనే. తెగిన బల్లి తోక మళ్లీ ఎలా మొలుస్తుందో తేల్చడానికి ఆమె ఆయన ల్యాబులో ఎనిమిదేళ్లు అరిగిపోయింది. తీరా ఫలితం చేతికందాక, పరిశోధన పత్రం మీద ఆమె పేరు కొట్టేసి తన పేరు ఒక్కటే వేసుకున్నాడు. ఇదేమిటని అడిగితే, "బల్లులకి పురుగులు వేసినదానివి, నీకు పేరు కూడానా?" అన్నాడు. ఆ నెలలోనే ఆమె ఉద్యోగమూ ఊడగొట్టాడు. అప్పటినుంచి ఆమె ఈ చిన్న కాలేజీలో పాఠాలు చెప్పుకుంటోంది.

"కూర్చోమని కూడా అనవా?"

"కుర్చీ ఒకటే ఉంది సార్," అని ఆమె అందులో కూర్చుంది.

ప్రొఫెసర్ నిలబడే గోడు వెళ్లబోసుకున్నాడు. పత్రం అందగానే జర్నల్‌వాళ్లు రివాజు ప్రకారం, పత్రం రాసినవాళ్లలో లేని ఎవరో నిపుణుడికి పరీక్షకిచ్చారు. అతని పేరు బయటపెట్టరు. ఆ పేరు లేని పెద్దమనిషి ఏడు ప్రశ్నలు వేసి పత్రాన్ని ఉతికి ఆరేశాడు. శుక్రవారంలోగా జవాబులివ్వాలి. పత్రం అచ్చు కాకపోతే డైరెక్టర్ పదవి ఆశ వదులుకోవలసిందే.

"ఎవడో వెధవ, నామీద కక్షగట్టాడు," అంటూ కాగితాలు బల్ల మీద పడేశాడు. "పన్నెండో రోజు నుంచి పదహారో రోజు దాకా తోకలు ఎందుకు పెరగలేదట! నాకేం తెలుసు?"

"వెచ్చదనానికి పెట్టిన బల్బు మాడిపోయింది. కొత్తది తెప్పించమని మీకు నాలుగుసార్లు చెప్పాను."

మిగతా ఐదింటికీ కళ్లజోడు పెట్టెలోంచి తీయకుండానే గడగడా జవాబులు చెప్పేసింది. ఎంతైనా నా దగ్గర తయారైన మనిషి కదా అనుకుంటూ ఆయన రాసుకున్నాడు.

"ఏడోదే నా కొంప ముంచేది. రోజువారీ కొలతలు రాసిన అసలు పుస్తకం పంపాలట. అది నువ్వు పట్టుకుపోయావుగా!"

"అందులో దస్తూరీ నాది. ప్రతి పేజీలో సంతకం నాది. పత్రం మీద మొదటి పేరు నాది వేస్తే ఇస్తాను."

"బెదిరిస్తున్నావా?"

"బల్లులతో ఎనిమిదేళ్లున్నాను సార్. తెంపిన తోక మళ్లీ ఎలా మొలుస్తుందో తెలుసు."

ప్రొఫెసర్ పళ్లు నూరాడు. ఆ పరీక్షకుణ్ణి ఏడు తరాలతో కలిపి తిట్టుకున్నాడు. చివరికి ఆమె కళ్లముందే ఫోన్ తీసి, మొదటి పేరు ఆమెదని జర్నల్‌కు మెయిల్ కొట్టాడు.

"చాలా? దీంతో వాళ్లు ఊరుకుంటారంటావా?"

"నా పేరు చూడగానే వాళ్లకి అంతా అర్థమవుతుంది లెండి."

"వాడెవడో దొరకాలిగానీ, అప్పుడు చెబుతా వాడి పని," అనుకుంటూ ప్రొఫెసర్ పుస్తకం చంకన పెట్టుకుని మెట్లు దిగాడు.

ఆనాడు ఆమె పేరు కొట్టేయకుండా ఉండి ఉంటే, పరీక్షించమని ఆ పత్రం ఆమె దగ్గరికి వచ్చేదే కాదు.