పన్నెండో పోగు

కొత్త ఫోన్ పన్నెండు మాటలు అడిగింది. గుణకు ఒక్కటీ గుర్తు లేదు.

పాత ఫోన్ ఆ పొద్దున్నే పోయింది. రాత్రి షిఫ్టు దిగి, లోకల్ రైల్లో గుమ్మం దగ్గర వేలాడుతూ వస్తుంటే, కడంబత్తూరు దాటాక వెనకనుంచి ఎవరిదో మోచెయ్యి తగిలింది. ఫోన్ పట్టాల పక్క కంకరలోకి ఎగిరిపోయింది. దానికోసం రైలు ఆగుతుందా? తిరుత్తణిలో దిగి, అంగడి తెరిచేదాకా మెట్ల మీద కునికిపాట్లు పడి, చవకలో దొరికిన ఫోన్ ఒకటి కొనుక్కొని నేత వీధికి నడిచాడు.

పోయిన ఫోన్‌లో ఒక వాలెట్ యాప్ ఉంది. గుణ తండ్రి వేలాయుధం బతికున్నప్పుడు మగ్గం మీద పుట్టించిన నెమలి బుటాలను, రుద్రాక్ష అంచులను గుణ రంగుల బొమ్మలుగా గీశాడు. వాటిని ఎన్‌ఎఫ్‌టీలుగా మార్చి, అంటే నెట్లో సొంత ఆస్తిలా అమ్ముకునేలా చేసి, ఆ వాలెట్లో దాచుకున్నాడు. ఎవరో జపాను ఆసామి అన్నీ తనే కొంటానన్నాడు. ఈ రోజు సాయంత్రం దాకా చూస్తాననీ, ఆ తర్వాత వేరేవాళ్ళవి చూసుకుంటాననీ తేల్చి చెప్పాడు. ఈ బేరం కుదిరితే గుణ రాత్రి షిఫ్టుకు దండం పెట్టేసి, నాన్న పాడుబడ్డ మగ్గాన్ని మళ్ళీ నిలబెట్టుకోవచ్చు.

ఫోన్ పోయినంత మాత్రాన బొమ్మలు పోవు. పన్నెండు ఇంగ్లీషు మాటలు వరస తప్పకుండా కొడితే ఏ ఫోన్‌లోకైనా తిరిగి వస్తాయి. చిక్కల్లా ఒకటే, ఆ మాటలు ఎవరికి తెలిస్తే బొమ్మలు వాళ్ళవి. అందుకే గుణ వాటిని కాగితం మీద పెట్టలేదు, ఫోటో తీయలేదు, మెయిల్లో దాచలేదు. తల్లి గోవిందమ్మ తలలో దాచాడు. వందల బుటాల లెక్క చూడకుండా చెప్పగల తల అది. పైగా ఆమెకు ఇంగ్లీషు రాదు, ఫోన్ ముట్టదు. ఇంతకంటే గట్టి పెట్టె ఏ బ్యాంకులో దొరుకుతుందని లోలోపల తన తెలివికి తనే మురిసిపోయాడు కూడా.

ఇంటికి చేరేసరికి పక్కింటి సెల్లమ్మ అరుగు మీద కూర్చొని, ఫోన్ చూసుకుంటూ తనలో తాను నవ్వుకుంటోంది. పలకరించే ఓపిక లేక గుణ తలూపి లోపలికి పోయాడు. తలుపు గడియ పెట్టాడు, కిటికీ మూశాడు. గోడలకు చెవులుంటాయంటారు కదా, ఫ్యాను చప్పుడు కూడా పెద్దది చేశాడు. తన మగ్గం గుంటలోంచి గోవిందమ్మ ఇదంతా చూసి, పిల్లవాడికి జ్వరమేమో అనుకుంది.

"అమ్మా, ఆ పన్నెండు మాటలు చెప్పు. మెల్లగా, నా చెవిలో."

"ఏంటికి నాయనా? నీ ఫోన్ యాడ?"

"రైల్లోంచి పడిపోయింది. చెప్పుమా."

కొడుకు కళ్ళు చూసి ఆమె అతని చెవి దగ్గరికి వంగింది. పోగులు ఎంచుతున్నట్టు వేళ్ళు ఆడిస్తూ గుసగుసగా మొదలుపెట్టింది. రివర్, లెమన్, టైగర్, టికెట్. బాంబూ, గార్లిక్, విండో, బాస్కెట్. ఒక్కచోటా తడబడలేదు. నిద్రలేక కళ్ళు మండుతున్నా, ఒక్కొక్క మాటా కొడుతుంటే గుణకు ప్రాణం లేచివచ్చింది. మ్యాంగో, గిటార్, కాటన్.

అక్కడ ఆగిపోయింది.

ఆఖరిదేమిటని అడిగాడు. గోవిందమ్మ మళ్ళీ మొదటినుంచి వచ్చింది, కాటన్ దగ్గర మళ్ళీ ఆగింది. మూడోసారీ అంతే. ఊహించి కొడదామంటే, వాలెట్ ఒప్పుకునే మాటలు రెండువేలకు పైన ఉన్నాయి. గుణకు ఏడుపొచ్చినంత పనైంది.

"దినమూ అనుకోమని చెప్పినాను గదమ్మా?"

"అనుకుంటానే ఉండాను రా. కొత్త పడుగు నూలును పాతదానికి అతికేటప్పుడు ఇదే మా లెక్క. మాటకొక పోగు." ఆమె తలొంచుకుంది. "ఆఖరిది నేను చెప్పను నాయనా. పన్నెండో పోగు కాడ నేను ముడేసుకుంటా ఉంటాను. అది ఎప్పుడూ సెల్లమ్మే చెప్తాది."

సెల్లమ్మకు తెలుసా అన్నాడు గుణ. తెలియకుంటే ఎట్లా, ఎదురెదురుగా కూర్చొని అతికేవాళ్ళం, ఒకరి లెక్క ఇంకొకరికి తెలియకపోతే పడుగు చిక్కుపడదా అంది ఆమె. అమ్మ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా గుణకు ఒంట్లో ఓపిక లేదు. సెల్లమ్మ పరాయిదేమీ కాదు, ఆమెకూ ఇంగ్లీషు రాదు, ఒక్క మనిషికి తెలిసినంత మాత్రాన కొంప మునగదని సర్దిచెప్పుకున్నాడు. ఆ ఒక్క మాట దొరికితే బొమ్మలన్నీ వెంటనే ఇంకో వాలెట్‌లోకి మార్చేసుకోవచ్చు. ఫ్యాను ఆపి, గడియ తీసి, "అత్తా, ఒకసారి రా" అని పిలిచాడు.

సెల్లమ్మ ఫోన్ చేతిలో పెట్టుకొనే లోపలికి వచ్చింది. గుణ మళ్ళీ తలుపు వేసి, గొంతు తగ్గించి, కాటన్ తర్వాతి మాటేమిటని అడిగాడు.

ఆమె ఫక్కున నవ్వి, తన ఫోన్ అతని ముందు పెట్టి సౌండు పెంచింది. తెర మీద, పడుగుకు చెరోవైపు కూర్చొని, గోవిందమ్మా సెల్లమ్మా గొంతు కలిపి రివర్, లెమన్ అని పాడుతూ పోగులు ముడేస్తున్నారు.

"తిరువళ్ళూరు చీరలంగడి పాప పోయిన వారం వచ్చి ఈ వీడియో తీసుకొని పోయింది గుణా, మూడు లక్షల మంది చూసినారంట," అంది సెల్లమ్మ సంబరంగా. "ఎవురికీ తప్పు పోకుండా, కింద ఇంగ్లీషులో వరసగా రాసి గూడా పెట్టినారు."