చిట్టిని ఎన్నో ఏట బడిలో వెయ్యాలి

ఆమదాలవలసలో పాసింజరు కదిలిందో లేదో, తగువు మొదలైంది.

“చిట్టిని నాలుగో యేటే బళ్లో ఎయ్యాల,” అంది నీలవేణి.

“ఏడేళ్లు నిండాల,” అన్నాడు జగన్నాధం.

“అయితే నీ ఇంటికి నేను రాను బావా. సెప్పేసినాను.”

మధ్యలో కూర్చున్న దేముడమ్మ చెవులు మూసుకుంది. ఆమె అతనికి అమ్మమ్మ, నీలవేణికి నాయనమ్మ. ఇద్దరూ ముద్దే. ఎవరి పక్షం మాట్లాడుతుంది?

“నన్ను నాలుగో యేటే తోసీసినారు,” అన్నాడు జగన్నాధం. “పలక మీదే నిద్దరపోయేవోణ్ణి. నాకన్నా పెద్దోళ్లు టకటకా అప్పజెప్పేసేవోరు. నన్ను మొద్దన్నారు. నేనూ నమ్మేసినాను. ఎస్సెల్సీ రెండుసార్లు పోయినాది. చిట్టికి ఆ గతొద్దు.”

“నన్ను తొమ్మిదో యేట ఏసినారు. తమ్ముళ్లని ఎత్తుకోడానికి నేనే ఉండాల గదా. బళ్లో ఎక్కాలు అందరికన్నా ముందు నాకే వచ్చీసేవి. ఏటి లాభం? అయిదో తరగతి అవకముందే పెద్దమనిసినైపోనాను. పలక అటకెక్కించీసినారు.”

రైలుపెట్టె రెండుగా చీలిపోయింది. చేపల గంప దానమ్మ నీలవేణి వైపు. బెల్లం దిమ్మలతో ఎక్కిన ఎర్రన్న జగన్నాధం వైపు. టిక్కెట్లు చూడ్డానికి వచ్చినాయన తన కొడుకు చదువు గురించి చెబుతూ చెబుతూ టిక్కెట్లు అడగడమే మరిచిపోయాడు.

పొందూరు దాటాక, కిటికీ పక్కనున్న నరసింగరావు మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆయన జీవితమంతా ఒకటో తరగతికే పాఠం చెప్పారు.

“అయిదు నిండాక వెయ్యండి. నాలుగేళ్లకి పలక బరువే. మొదట వెనకబడితే పిల్లలు బెదిరిపోతారు, ఆ బెదురు పెద్దతరగతుల దాకా ఉంటుంది. అలాగని ఏడేళ్ల దాకా ఆగితే ఆడపిల్లకి బడిలో మిగిలేది ఎన్నేళ్లు?”

“అయిదుకి ఒప్పుకుంటాను,” అంది నీలవేణి. “పెద్దమనిసయినా బడి మానిపించకూడదు.”

“మానిపించను. ఎస్సెల్సీ దాకా నేనే సైకిలెక్కించి తీసుకెళ్తాను.”

“అది నాకన్నా ఎక్కువ సదివేస్తాది.”

“నాకన్నా ఎక్కువ సదవడం పెద్ద కష్టమేం కాదులే.”

పెట్టె నవ్వులతో గొల్లుమంది. దానమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

“ఒక్కమాట,” అన్నారు మాస్టారు. “పుట్టినరోజు ఉజ్జాయింపుగా రాయించకండి. సరిగ్గా గుర్తుంచుకుని చెప్పండి.”

జగన్నాధం, నీలవేణి ఒకరి మొహం ఒకరు చూసుకుని కిసుక్కుమన్నారు.

చీపురుపల్లి దగ్గరపడింది. రైలు నెమ్మదించింది. నీలవేణి లేచి, సంచీ అందుకుని, తల వంచుకునే అంది:

“అయితే బావా, రేపే అత్తని మా అయ్యకాడికి పంపు, మన పెళ్లి మాటాడమని.”