నీళ్లు ఇంకే సందు

"సందంతా తవ్వుకో. నా గుమ్మం ముందు మాత్రం గునపం పడనివ్వను," అంది మల్‌సున్ మామ్మ, మెట్టు మీద నుంచి లేవకుండానే.

ప్యో హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. కొరియాలో, సియోల్ నగరంలో ఒక వార్డు ఆఫీసులో వాన నీటి పనులు చూసే ఇంజనీరు అతను. కొండవాలున ఉన్న ఈ సందులో అందరూ ఒప్పుకున్నారు, ఈవిడ తప్ప. ఈవిడ ఇల్లేమో అన్నిటికన్నా పల్లంలో ఉంది. పైనుంచి దిగే నీరంతా ఇక్కడికే చేరుతుంది. ఇక్కడ తవ్వకపోతే మిగతా సందంతా తవ్వినా ఒకటే, తవ్వకపోయినా ఒకటే.

"కాంక్రీటు తీసేసి కంకర పరుస్తాం మామ్మగారూ. దాని మీద నీళ్లు ఇంకే ఇటుకలు వేస్తాం. పడిన వాన పడినట్టే భూమిలోకి దిగిపోతుంది."

"ఇటుక నీళ్లు తాగుతుందా? ఇంకా నయం, అన్నం కూడా తింటుందన్నావు కాదు."

"సగం నేలలో ఉన్న మీ కింద గదిలోకి ఏటా నీళ్లొస్తున్నాయి కదండీ."

"వస్తే నాకేం? నేనుండేది పైన." మామ్మ మొహం చిట్లించింది. "వాన పట్టగానే కింద ఉండే ఆ యన్‌హీ పరుపు చుట్టుకుని నా ఇంట్లోకి ఎక్కుతుంది. గది ఆరేదాకా కదలదు. నేలంతా బురద. కిమ్చీ పచ్చడి జాడీ ఖాళీ. పైగా గురక! ఎవరితో చెప్పుకోను నా బాధ?"

"అందుకేగా చెప్తున్నాను. ఈ పని అయిపోతే ఆవిడ పైకి రానక్కర్లేదు. మీకు పీడ విరగడైపోతుంది."

మామ్మ ఒళ్లోని ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తూ కూర్చుంది.

"ఇవి ఎండబోసుకునేది ఆ కాంక్రీటు మీదే," అంది చివరికి. "పోవయ్యా, పో."

ప్యో వారం వారం వచ్చాడు. ప్రతిసారీ ఒక కొత్త వంక దొరికింది. దుమ్మంది, చప్పుడంది, ఇటుకల సందుల్లో చేతికర్ర దిగబడుతుందంది. ఆఫీసులో పైఅధికారి రోజూ అడుగుతున్నాడు. ఒక ముసలావిడని ఒప్పించలేవా అని తోటివాళ్లు నవ్వుతున్నారు. చివరికి కింద గదిలో ఉండే యన్‌హీ కోసం సందు మొదట్లో కాపు కాశాడు. ఆమె ఉడకబెట్టిన కుడుముల దుకాణంలో వంటపని చేస్తుంది. కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చింది.

"మీరైనా చెప్పండమ్మా. మునిగేది మీ గదే కదా."

"నాకూ ఓపిక అయిపోయింది సార్. మబ్బు పట్టిందంటే చాలు, దుకాణంలో చేతులు ఆడవు. పరుపు మోసీ మోసీ నడుం పడిపోయింది."

ఆమె వెళ్లి మామ్మ పక్కన మెట్టు మీద కూలబడింది. చెప్పులు విప్పి, వాచిన పాదాలు చేత్తో నొక్కుకుంది.

"మామ్మా, ఇక నావల్ల కాదే," అంది.

మామ్మ ఆ పాదాల వంక చూసింది. చాలాసేపు చూసింది.

"తవ్వుకోమను," అంది లోపలికి వెళ్తూ. "దుమ్ము నా ఇంట్లోకి వచ్చిందో, ఊరుకోను."

వసంతమంతా పని సాగింది. మామ్మ తిట్ల మధ్యే కాంక్రీటు లేచింది, కంకర పడింది, బూడిదరంగు ఇటుకలు కూర్చున్నాయి. "ఈ సందు గట్టెక్కితేనే మిగతా సందులు," అన్నాడు పైఅధికారి.

వానాకాలం వచ్చింది. మొదటి పెద్ద వాన పొద్దెక్కాక మొదలై మధ్యాహ్నానికీ తగ్గలేదు. ఆఫీసులో ఫోను మోగింది. ప్యో ఎత్తగానే మామ్మ గొంతు గదంతా వినిపించింది.

"నీ ఇటుకలకి దాహం లేదయ్యా! ఆ పిల్ల పరుపు పట్టుకుని మళ్లీ పైకొచ్చింది. వచ్చి చూడు, నీ ఘనకార్యం!"

పైఅధికారి కళ్లు మూసుకున్నాడు. "వెళ్లి ఫొటో తీసుకురా. నిజమే అయితే మిగతా సందుల మాట మర్చిపో."

బస్సు దిగేసరికి పెద్ద రోడ్డు మీద నీరు బూట్లు దాటి పారుతోంది. గాలికి గొడుగు తిరగబడింది. సందులోకి మళ్లాక నేలవైపు చూడాలనిపించలేదు అతనికి. తల దించుకోకుండా, మామ్మ ఇంటి తలుపు మీదే చూపు పెట్టుకుని నడిచాడు.

లోపల ఉల్లికాడల అట్టు వాసన వేస్తోంది. గోడవార చుట్టిన పరుపు, దానికి ఆనుకుని యన్‌హీ. పొయ్యి దగ్గర మామ్మ.

"రావయ్యా, ఇటుకల పెళ్లికొడకా!"

ప్యో యన్‌హీ వైపు తిరిగాడు. "ఎంతొచ్చాయమ్మా?"

"చీలమండల దాకా సార్," అందామె, తలెత్తకుండా.

"చూసొస్తాను."

"ఇప్పుడెందుకు సార్, వానలో... కూర్చోండి."

"నా ఉద్యోగం అదేనమ్మా."

అతను మెట్లు దిగి కింద గది తలుపు తీశాడు. దీపం వేశాడు. గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. పైనుంచి మామ్మ గొంతు వినిపిస్తోంది. "తినవే, చల్లారిపోతోంది. ఇంకోటి వేస్తున్నా. పొద్దున మబ్బు చూసే పిండి ఎక్కువ కలిపాను." ఆ వెనకే ఇద్దరూ నవ్విన చప్పుడు. అతను ఫొటో తీసుకుని, దీపం ఆర్పి, తలుపు దగ్గరగా వేసి పైకి వచ్చాడు.

"చూశావా?" అంది మామ్మ, నడుం మీద చెయ్యి వేసుకుని.

"చూశాను మామ్మగారూ. మీరే గెలిచారు."

యన్‌హీ అప్పుడు తలెత్తింది. ఆమె కళ్లు చెమర్చాయి.

"నే చెప్పలా! ఇంత చదువు చదివి ఇటుకకి నీళ్లు పట్టడం రాలేదు." మామ్మ ఇంకో పళ్లెం తీసింది. "సరే, కూర్చుని తిను. ముద్దగా తడిశావు. ఈ పిల్ల గది ఆరేదాకా ఇక్కడే పడుంటుంది. ఏం చేస్తాం, నా ఖర్మ. ఎన్నాళ్లకి ఆరుతుందంటావ్?"

ప్యో అట్టు తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

"వానాకాలం వెళ్లేదాకా పట్టొచ్చు మామ్మగారూ."

కింద గదిలో చుక్క నీరు లేదు.