గీత దాటిన బంతి

"తలుపు వేసి కూర్చో. చలిగాలి కొడుతోంది," అన్నాడు మంచం మీది ముసలాయన.

డర్మట్ హెనెగన్ తలుపు వేశాడు గానీ కూర్చోలేదు. టోపీ తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. వృద్ధాశ్రమం ముందు గదిలో అడగడానికి ఎవరూ కనబడకపోతే, ఊరి చర్చి ఫాదర్ చెప్పిన గుర్తులను బట్టి, తలుపు మీద పేరు చూసుకుని తిన్నగా లోపలికి వచ్చేశాడు. అయినా ఎదురుగా ఉన్న మనిషిలో పాత రిఫరీ పోలికలు దొరకడం లేదు. ముప్పై ఏళ్ళు గడిచాయి, పైగా జబ్బు మనిషి. ఇంకేం పోలికలు మిగులుతాయి అనుకున్నాడు.

"మాలకీ గారూ, నేను డర్మట్‌ని. కిల్‌బ్రాక్ జట్టు కెప్టెన్ని."

ముసలాయన దిండు మీంచి తలెత్తి అతన్ని చాలాసేపు చూశాడు.

"వచ్చావన్నమాట," అన్నాడు చివరికి. "ఈ గదిలో నీ పేరు వినపడని రోజు లేదు."

"తిట్టుకుంటున్నారా?"

"తిట్టుకునే ఓపిక ఎక్కడిది? ఎదురుచూడటమే. ప్రతి ఆదివారం ఆ తలుపు వంకే చూపు."

డర్మట్ తల వంచుకున్నాడు. వెళ్ళి చూసి రమ్మని ఫాదర్ లోర్కన్ చెప్పి చాలా రోజులైంది. గొర్రెలు ఈనే రోజులని ఒకసారి, పొలం గోడ కూలిందని ఒకసారి తప్పించుకున్నాడు. నిన్న మధ్యాహ్నం బయల్దేరాడు కూడా. తీరా ఊరి జట్టుకి మ్యాచ్ ఉందని గుర్తొచ్చి, కారు అటు తిప్పాడు.

కిల్‌బ్రాక్‌లో ఇప్పటికీ ఇద్దరు కలిస్తే ముప్పై ఏళ్ళ కిందటి ఆ ఫుట్‌బాల్ ఫైనల్ మాటే వస్తుంది. చివరి నిమిషంలో డర్మట్ కొట్టిన బంతి గోలు గీత దాటింది. గోల్‌కీపర్ దాన్ని లోపలి నుంచి వెనక్కి లాగాడు. దాటలేదంటూ రిఫరీ మాలకీ గిల్‌రాయ్ చేతులు అడ్డంగా ఊపాడు. అంతటితో ఆట అయిపోయింది. ఆ ఊరు అంతకుముందు కప్పు గెలిచింది లేదు, ఆ తర్వాతా గెలవలేదు. మైదానం అంచున నిలబడి చూసిన డర్మట్ తండ్రి ఆ చలికాలంలోనే పోయాడు. పోయే రోజు కూడా, "దాటిందిరా, నా కళ్ళతో నేను చూశాను," అన్నాడు.

అంత్యక్రియల నాడు చర్చిలో, చెయ్యి కలిపి పరామర్శించడానికి వచ్చినవాళ్ళ వరసలో మాలకీ కూడా నిలబడ్డాడు. తన వంతు రాగానే చెయ్యి చాచాడు. డర్మట్ తన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఊరంతా చూసింది. ఆ ఏడాదే మాలకీ ఇల్లు అమ్ముకుని దూరంగా వెళ్ళిపోయాడు.

డర్మట్ ఏ ఆదివారమూ పూజ మానలేదు. కాని ప్రభువు నేర్పిన ప్రార్థనలో, ఎదుటివాళ్ళని మేం క్షమించినట్టే మమ్మల్నీ క్షమించమనే చోటికి వచ్చేసరికి అతని పెదాలు మూసుకుపోయేవి. కొత్తగా వచ్చిన ఫాదర్ లోర్కన్ అది కనిపెట్టాడు.

"ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతావేం?" అని అడిగాడు.

"దేవుడి ముందు అబద్ధం ఆడలేను ఫాదర్."

"అయితే వెళ్ళి దాన్ని నిజం చేసుకుని రా."

అందుకే ఈ రాక.

"ఒక్క సంగతి చెప్పండి," అన్నాడు డర్మట్. "బంతి దాటిందా, లేదా?"

"దాటింది."

జవాబు అంత తేలిగ్గా వస్తుందని అతను అనుకోలేదు.

"ఎండ సూటిగా కళ్ళల్లో కొట్టింది," అన్నాడు ముసలాయన. "గోలు పక్కన నిలబడ్డవాడు ఇంటికెళ్ళే దారిలో అసలు సంగతి చెప్పాడు. అప్పటికి కప్పు వేరే ఊరు వెళ్ళిపోయింది. ఆ రాత్రి నుంచి కంటినిండా నిద్ర లేదు. ఎన్నిసార్లు చెప్పుకోవడమో! ఆ మ్యాచ్ మొత్తం నోటికొచ్చేసింది."

"మరి అప్పుడే మాకు ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే మీ నాన్న అంత్యక్రియలకి రావడం."

డర్మట్ కుర్చీలో కూలబడ్డాడు.

"మిమ్మల్ని క్షమించానని చెప్పి పోదామని వచ్చాను," అన్నాడు. "క్షమించాను, నిజంగానే. కాని ఇప్పుడు ఆ మాట అనడానికి నాకే సిగ్గుగా ఉంది. ఆ రోజు చెయ్యి ఇవ్వనందుకు మీరే నన్ను క్షమించాలి."

ముసలాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. పక్క మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. దాని వంకే చూస్తూ అన్నాడు.

"ఎప్పుడో అయిపోయిందయ్యా ఆ క్షమించడం. చర్చి గేటు దాటకముందే అయిపోయింది. ఆ సంగతి మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను."

దుప్పటిలోంచి చెయ్యి బయటికి వచ్చింది. డర్మట్ దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ప్రార్థన చెప్పుకున్నారు. ఎప్పుడూ ఆగిపోయే చోట డర్మట్ ఆగలేదు. గట్టిగా చెప్పాడు. ముసలాయన చెంపలు తడిసి ఉన్నాయి.

"మళ్ళీ ఆదివారం వస్తాను. మ్యాచ్ ఉన్నా సరే," అన్నాడు డర్మట్ లేచి.

"రా నాయనా. కబుర్లకి మనిషి లేడు."

బయట వరండాలో నర్సు జిన్సీ టీ బండి తోసుకుంటూ వస్తోంది. అతను ఏ గదిలోంచి వచ్చాడో చూసి నవ్వింది.

"ఫెస్టస్ గారి చుట్టాలా మీరు? వచ్చి మంచి పని చేశారండీ. పొద్దుట్నుంచి టీ ముట్టలేదు, ఎవరితోనూ ఒక్క మాట లేదు."

"ఫెస్టస్ ఎవరు? నేను మాట్లాడింది మాలకీ గారితో కదా!"

నర్సు బండి ఆపి, గొంతు బాగా తగ్గించింది.

"ఆ పక్క మంచం మాలకీ గారు నిన్న మధ్యాహ్నమే పోయారండీ."