పై రాయి, కింది రాయి

"టీచరమ్మా, నా రాయి వేరే బల్ల మీద పెట్టాలని ఆయనకి చెప్పండి" అన్నాడు తమ్ముడు.

"నాకూ అదే కావాలని వాడికి చెప్పండి" అన్నాడు అన్న.

ఇద్దరి మధ్యా జానెడు దూరం కూడా లేదు.

ఇద్దరికీ చదువు చెప్పిన టీచరమ్మ తల పట్టుకుంది. ఆవిడ వరండాలో ఒక పగిలిన లాంతరుతో మొదలైన చరిత్ర సంఘం రేపు సొంత మ్యూజియం తెరుస్తోంది. అన్నీ సర్దేశారు, ఈ తిరగలి తప్ప. ఆస్తి పంపకాల్లో పై రాయి అన్న, కింది రాయి తమ్ముడు పట్టుకుపోయారు. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

"విడివిడిగా పెడితే ఇవి ఉత్త రాళ్లురా! కలిపితేనే తిరగలి" అందావిడ.

"సరే, కింది రాయి నాదని పెద్దక్షరాలతో రాయించండి."

"పై రాయి నాదని అంతకంటే పెద్దక్షరాలతో రాయించండి."

"రాయిస్తాను. ముందు పెట్టి చావండి!"

అన్న పై రాయి ఎత్తి దించబోయాడు. తమ్ముడు ఇంకా తన రాయి మీద దుమ్ము తుడుస్తూనే ఉన్నాడు.

"చెయ్యి తియ్యరా చిన్నోడా, నలిగిపోద్ది!"

తమ్ముడు చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. ఆ చేతిని కాసేపు అలాగే చూసుకున్నాడు.

"టీచరమ్మా," అన్నాడు తమ్ముడు, "తీశానని ఆయనకి చెప్పండి."

"కనిపిస్తోందిలేరా" అన్నాడు అన్న, రాయి పొట్టకి ఆనించుకుని. "అలా నిలబడే బదులు వచ్చి ఓ చెయ్యి వెయ్యి. బరువుగా ఉంది."