ఒకే గుడ్డ కింద రెండు బల్లలు

వెర్నా వంటింట్లో అడుగుపెట్టగానే బల్లల వైపు చూసింది. రెండేళ్లయినా అవి కలవలేదు.

ఒకటి పెద్ద బల్ల, ఒకటి చిన్న బల్ల. మధ్య బెత్తెడు ఎడం. ఆ ఎడం కనపడకుండా తల్లి లవీనా రెండింటి మీదా ఒకే తెల్లగుడ్డ పరిచింది. కానీ మోటారు బండి ముట్టని ఆమిష్ క్రైస్తవుల ఇళ్లలో పుట్టిన ఎవరి కళ్లయినా ముందు దాని మీదే పడతాయి. సంఘం వెలివేసిన మనిషితో ఒకే బల్ల మీద తినకూడదు. ఆ చేతి నుంచి గ్లాసుడు నీళ్లు కూడా అందుకోకూడదు.

అంతా తన వల్లే. టౌనులో తన ఇంట్లో భర్త కర్ట్ నవ్వించినప్పుడల్లా ఆమెకు ఈ తెల్లగుడ్డే గుర్తొచ్చేది. నవ్వు సగంలో ఆగిపోయేది.

కర్ట్ ఆమెను గేటు దగ్గర దింపి వెళ్లిపోయాడు. అతని ట్రక్కు మలుపు తిరిగేదాకా తండ్రి టోబియాస్ కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు.

"మీ ఆయన క్లచ్ మీద నుంచి కాలు తీయడనుకుంటానే. ఆ అరుపుకి మన గుర్రం బెదిరిపోయింది," అన్నాడు గడ్డం నిమురుకుంటూ.

లవీనా ఆయన వైపు ఓ చూపు విసిరింది. ఆ ఇంట్లో ట్రక్కు ఊసెత్తకూడదు.

ఎత్తకపోయినా వెర్నా మరిచిపోతే కదా. ఆ జూన్ ఉదయం ఆమె ఆగిపోదామనే అనుకుంది. అమ్మకు కీళ్లనొప్పులు. ఇరవై రెండు ఆవులు. పాలు పితుకుతూ, ఆవు పొట్టకు తల ఆనించి ఏడ్చింది. పదిహేడు మైళ్ల అవతల కోర్టు మెట్ల మీద పెళ్లికి కర్ట్ ఎదురుచూస్తున్నాడు. గుర్రబ్బండి మీద వెళ్తే అందేది కాదు. పక్క పొలంలో సంఘం బయటివాళ్ల ట్రక్కు ఉంది, తాళం దానికే ఉంది.

పెళ్లి సమయానికే జరిగింది. స్టీరింగు పట్టుకోవడం నేరం. తర్వాతి నెలలోనే సంఘం వెలివేసింది.

లవీనా వెన్నలో వేయించిన నూడుల్స్ పళ్లేల్లో వడ్డిస్తూ నోరు విప్పింది. ఆదివారం బిషప్ వస్తున్నాడట. ఇదే ఆఖరిసారి అడగడమట.

"అందరి ముందూ మోకరించి, తప్పయిపోయిందని ఒక్క మాట అంటే చాలు. ఆ సాయంత్రమే ఈ బల్లలు కలిపేస్తాను."

వెర్నా అడిగింది. "అమ్మా, పోనీ నేను కర్ట్‌ని వదిలేసి వచ్చేస్తే?"

"నువ్వొచ్చినంత మాత్రాన కలపనివ్వరే. ట్రక్కు నడపడం తప్పని నోటితో చెప్పాలి."

"నోటితో చెప్పాలంటే ముందు మనసుకి అనిపించాలిగా," అన్నాడు టోబియాస్. "అనిపించకుండా మోకరిస్తే మోకాళ్ల నొప్పులు తప్ప ఏమొస్తాయి?"

"మీరు ఊరుకోండి. ఇంతదాకా తెచ్చింది మీ గారాబమే."

ఆయన కూతురి వైపు చూసి కన్ను గీటాడు. ఆ చూపుకు వెర్నా తట్టుకోలేక తల దించుకుంది.

లవీనా ఆఖరి పళ్లెం తెచ్చి చిన్న బల్ల మీద పెట్టింది. వేళ్లు కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. అది ఆమె పద్ధతి కాదు, నియమం. ముగ్గురూ తలలు వంచి మౌనంగా ప్రార్థన చేశారు.

సంఘంలో చేర్చే బాప్తిస్మం తీసుకోకముందే వెళ్లిపోవడంతో ఏ వెలీ తగలని వెర్నా తల్లి పక్కన పెద్ద బల్ల దగ్గర కూర్చుంది. ఆ ఉదయం ట్రక్కు నడిపి కూతుర్ని పెళ్లికి చేర్చిన టోబియాస్ చిన్న బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని, పళ్లేన్ని తన వైపు లాక్కున్నాడు.